ఎనిమిది రోజులు నవ్వకూడదు

యుద్ధం రోజుల్లో తాడేపల్లిగూడెంలో మిలిటరీ వాళ్ళు విమానాల మైదానం వేశారు. యుద్ధం అయ్యాక విమానాలు ఎగిరిపోయాయి గాని రేకుల షెడ్లు ఎగరలేదు. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తలో అలాంటి షెడ్డొకటి తీసుకుని, గోడలకి సున్నం కొట్టించి, ఇరవై మంచాలు వేయించి, బియ్యం మిల్లుల ఆసామీ ఒకాయన ధర్మానికి కంటి ఆసుపత్రి పెట్టారు. ఆయన తల్లి చివరి పదేళ్ళూ చూపు లేకుండా గడిపి పోయిందట. ఆ దిగులుతో పెట్టిన సంస్థ అది. డాక్టరు జీతం, మందులు, దుప్పట్లు, జావ, నాబోటి వాళ్ళ తిండి అన్నీ ఆయనవే. మేం ఆయన్ని ధర్మకర్త గారు అనేవాళ్ళం. మిల్లులో కూలీలు ఏమనేవారో ఇక్కడ రాయను. ఆ మిల్లులో బస్తాలు కుట్టినవాణ్ణే కాబట్టి నాకు తెలుసు.

నా బతుకులో పెద్ద మార్పులన్నీ నా వెనక ఎవరో నిలబడి ఉండగా వచ్చినవే. అయిదో క్లాసులో లెక్కల మేష్టారి గొంతుతో హాజరు పిలిచాను. పిల్లలంతా పడీపడీ నవ్వుతున్నవాళ్ళు ఒక్కసారి ఆగిపోయారు. వెనక్కి తిరిగితే మేష్టారు. దాంతో చదువు అయిపోయింది. మళ్ళీ ముప్పై ఏళ్ళప్పుడు, ఇద్దరు పిల్లల తండ్రినయ్యాక, మిల్లులో గొడుగు చంకలో పెట్టుకుని ధర్మకర్త గారు నడిచినట్టు నడిచి చూపించాను. కూలీలు ఒక్కసారి ఆగిపోయారు.

ఆయన కోప్పడలేదు. గొడుగు ఎడమ చంకలో పెట్టుకుంటానయ్యా, కుడి చంకలో కాదు అన్నారు. తర్వాత ఆఫీసు గదికి పిలిపించి, ఆసుపత్రిలో మనుషులు భయంతో బిగుసుకుపోయి ఉంటున్నారు, నువ్వు అక్కడుంటే బాగుంటుంది, రేపటినుంచి వార్డులో పనికి వెళ్ళు అన్నారు. మంచి మనసుతోనే అన్నారు. ఆ వార్డు మొదటి రూలేమిటో ఆయనకి ఆ నిమిషాన గుర్తు లేదు.

ఆ రోజుల్లో శుక్లం తీస్తే పొద్దున వచ్చి సాయంత్రం ఇంటికి పోవడం లేదు. రెండు కళ్ళకీ కట్టు కట్టి, వెల్లకిలా పడుకోబెట్టి, తలకి అటూ ఇటూ ఇసక సంచులు పెట్టేవారు. ఎనిమిది రోజులు అలాగే ఉండాలి. తల తిప్పకూడదు, దగ్గకూడదు, తుమ్మకూడదు, నమలకూడదు. ముసలివాళ్ళకి కూడా చంటిపిల్లలకి పట్టినట్టు ఉగ్గుగిన్నెతో జావ పట్టాలి. అన్నిటికంటే ముఖ్యం, నవ్వకూడదు. కంటికి వేసిన కుట్టు వెంట్రుక కంటే సన్నం, కడుపు కుదిపి నవ్వితే కన్ను కదులుతుంది అని డాక్టరు గారు చెప్పారు. ఆయన ఏలూరు నుంచి మంగళవారం, శుక్రవారం వచ్చేవారు. మిగతా అయిదు రోజులూ కాంపౌండరు గారి రాజ్యం.

కాంపౌండరు గారు నన్ను చూడగానే గుర్తుపట్టారు. మిల్లులో కథ అప్పటికే ఆయన చెవిన పడింది. కట్టు ఉన్న మనిషి దగ్గర నువ్వు నోరు తెరవకు, తెరిస్తే కత్తి పట్టి పొడిచినట్టే అన్నారు. కట్టు విప్పినవాళ్ళు వరండాలో కూచునేవారు. అక్కడ మాత్రం నాకు అనుమతి. లోపల మౌనవ్రతం, వరండాలో హరికథ. అలా రెండేళ్ళు నెట్టుకొచ్చాను. నన్ను చేర్చుకున్నందుకు ఎవరి కన్నూ పాడవలేదు.

తర్వాత మామ్మ వచ్చింది.

మామ్మ కొల్లేటి లంకలోంచి వచ్చింది. కొడుకు దోనె మీద రేవుకి చేర్చి, ఏలూరు తీసుకొచ్చి, రైలెక్కించి దించాడు. ఎడమ కన్ను అంతకుముందే పోయింది. ఎవరో ఆకు పసరు పోశారట. ఉన్నది కుడి కన్ను, దానికి శుక్లం. డాక్టరు గారు టార్చి వేసి చూస్తుంటే, బాబూ, ఒకటే ఉంది, రెండోది ఉందనుకుని కొయ్యకండి అంది. ఆయన నవ్వారు. ఆయన నవ్వొచ్చు, ఆయనకి కట్టు లేదు.

ఆవిడకి ఒక దోనె ఉంది. తాటిమాను తొలిచి చేసింది, మొగుడి చేతి పని. మొగుడు పోయాక ముప్పై ఏళ్ళుగా ఆవిడే పొడుగాటి గెడ వేసి తోసుకుంటూ సరస్సులోకి పోయి, చేపలు పడే వెదురు మావులు పెట్టి, కొర్రమేనూ జెల్లా పట్టి రేవులో అమ్మి వచ్చేది. చూపు మందగించాక కొడుకు వద్దన్నాడు. ఆవిడ వినలేదు. చివరికి లంకలో పెద్దలు కూచుని ఒక మాట తేల్చారు. ధర్మాసుపత్రిలో కన్ను బాగుపడితే దోనె ఆవిడదే, ఎవరూ అడ్డు చెప్పకూడదు. బాగుపడకపోతే గెడ కొడుక్కి ఇచ్చేసి ఇంటిపట్టున ఉండాలి.

ఆపరేషను ముందురోజు సాయంత్రం ఇదంతా నాకు చెప్పి, “కోడలు మంచిదేరా. కూడు పెడుతుంది. చెయ్యి పట్టుకుని దొడ్లోకి తీసుకెళ్తుంది. అదే నాకు భయం,” అంది.

మంగళవారం ఆపరేషను అయింది. ఆవిడ నాకు పెట్టిన పరీక్ష అప్పుడు మొదలైంది. కట్టు కట్టాక మిగతావాళ్ళు రాముడా కృష్ణుడా అని మూలుగుతారు. ఈవిడ నన్ను పలకరించేది. జావ పడుతుంటే, దీంట్లో ఉప్పు వెయ్యడం మర్చిపోయారా, ఉప్పు కూడా ధర్మం చేశారా అనేది. నేను పెదాలు బిగపట్టుకుని ఉగ్గుగిన్నె వంచేవాణ్ణి. ఏరా, నీ నోటికి కూడా కట్టు కట్టారా అనేది. ఆవిడ మొహం మాత్రం కదలదు. తను నవ్వకుండా ఎదటివాణ్ణి నవ్వించే విద్య నాకు మించి వచ్చు ఆవిడకి. నా జన్మలో నన్ను ఓడించిన మనిషి ఆవిడొక్కతే. నిజం చెప్పాలంటే నాకు కొంచెం ఉడుకుమోత్తనంగా ఉండేది.

ఇక్కడ శుక్రవారాల సంగతి చెప్పాలి. ఎనిమిది రోజులు నిండాక కట్టు విప్పేది ఆ వచ్చే శుక్రవారమే. దానికి ధర్మకర్త గారు వచ్చి నిలబడేవారు. లేవగానే ఎవరి మొహం చూశామన్న పట్టింపు మన వాళ్ళకి ఉండనే ఉంది. అలాంటిది ఎన్నేళ్ళకో చూపొచ్చి మొదట చూసే మొహం ఎవరిదన్న పట్టింపు ఉండదా? ఒకాయన వెంకటేశ్వరస్వామి పటం కావాలనేవాడు, ఒకాయన తన ఎడ్లని తోలుకొచ్చి కిటికీ దగ్గర కట్టెయ్యమనేవాడు. ఇవన్నీ కుదరవని కాంపౌండరు గారు మొదటి మొహం ధర్మకర్త గారిదే అని ఖాయం చేశారు. ధర్మకర్త గారు అడగలేదు. ఆయన సిగ్గుపడి వెనక్కి వెనక్కి నిలబడుతుంటే, ఈయన ముందుకి జరిపేవారు.

ఆ శనివారం పొద్దున కాంపౌండరు గారు ఇంకో మెట్టు ఎక్కారు. వచ్చే శుక్రవారం ఎవరో పట్నం పెద్దలు ఆసుపత్రి చూడ్డానికి వస్తున్నారట. రోగులు ఏం చెయ్యాలో ముందే నేర్పుతానని మంచాల మధ్య నిలబడ్డారు. కట్టు విప్పగానే దణ్ణం పెట్టి, బాబూ కనపడుతున్నారు అనాలి, ఏదీ, నేనే ధర్మకర్త గారు అనుకోండి, కనపడుతున్నానా, అన్నారు. పెంటపాడు నుంచి వచ్చిన రైతొకాయన, రెండు కళ్ళకీ కట్టుతో, ఇసక సంచుల మధ్య పడుకునే చేతులు జోడించి, “చక్కగా కనపడుతున్నారు బాబూ,” అన్నాడు. కాంపౌండరు గారు భేష్ అన్నారు.

నేను పరుగెత్తి వరండా దాటి వెళ్ళి నవ్వుకుని వచ్చాను. వచ్చాక కూడా తగ్గలేదు. మధ్యాహ్నం వార్డు సద్దుమణిగింది. రేకుల కింద ఉడికిపోతూ అందరూ నిద్రలో ఉన్నారు. కాంపౌండరు గారు భోజనానికి వెళ్ళారు. మామ్మకి విసురుతూ కూచున్నాను. పొద్దున ఏమిట్రా ఆ గోల అంది. చెప్పకూడదని నాకు తెలుసు. ఇది నేను మర్చిపోయి చేసిన పని కాదు. ఈవిడ్ని ఒక్కసారి ఓడించాలి అనుకున్నాను, అంతే.

చెవి దగ్గర చేరి జరిగింది జరిగినట్టు చెప్పి, “ఇంక డాక్టరెందుకు మామ్మా. ఈయన కట్టు విప్పకుండానే చూపు తెప్పిస్తున్నాడు,” అన్నాను.

మొదట ఏమీ లేదు. తర్వాత దుప్పటి కింద పొట్ట కదిలింది. తర్వాత భుజాలు. నీ అసాధ్యం కూలా, ఆపరా అంటూనే ఉంది గాని నేనెప్పుడో ఆపాను, ఆవిడకే ఆగలేదు. ఇసక సంచి ఒకటి జారి కింద పడింది. అప్పుడు ఆగిపోయి, “ఒరే, కంట్లో వెచ్చగా ఏదో పారింది,” అంది.

మర్నాడు కట్టు మారుస్తూ కాంపౌండరు గారు టార్చి వేసి చూశారు. కన్నులో రక్తం. ఎవరు కదిపారు, ఏం జరిగింది అని అడిగారు. అడగడం ఆవిణ్ణే అడిగారు గాని చూపు నా మీద ఉంది. మామ్మ వెంటనే, దగ్గొచ్చిందండి, ఆపుకోలేకపోయాను అంది. ఈ మనిషి ఏమైనా వాగాడా అని ఆయన అడిగితే, పాపం ఆయన నోరే విప్పడండి, మూగాయనేమో అనుకున్నాను అంది. అంత రక్తంతో కూడా నవ్వించబోయింది. నేను ఆ నిమిషాన నిజం చెప్పొచ్చు. చెప్పలేదు. ఇద్దరు పిల్లలు, వార్డు పని, ఇంతే నేను ఆలోచించింది.

మంగళవారం డాక్టరు గారు వచ్చి చూసి, దగ్గు మందు ఎందుకివ్వలేదని కాంపౌండరు గారిని కసిరి, రక్తం దానంతటది విరిగిపోవచ్చు, శుక్రవారం దాకా కట్టు ఉంచండి అన్నారు. నాకు ఆ రెండు రోజులూ అన్నం సయించలేదు.

గురువారం మధ్యాహ్నం మామ్మ నన్ను దగ్గరికి రమ్మని, “కట్టు మార్చేటప్పుడు చూశాను. ఎర్రగా వెలుగుంది. అంతకంటే ఏం లేదు,” అంది. రేపటికి వస్తుందిలే మామ్మా అన్నాను. అది విననట్టే, రేపు డాక్టరు వేళ్ళు చూపించి ఎన్ని అని అడుగుతాడట కదా, నువ్వు కాళ్ళ దగ్గర నిలబడు, ఎన్ని వేళ్ళయితే అన్నిసార్లు బొటనవేలు నొక్కు అంది. అలా చేస్తే కన్ను బాగైందనుకుంటారు, మళ్ళీ మందూ ఉండదు, ఏదీ ఉండదు అన్నాను. మందు పనిచేసేదాకా దోనె ఆగదురా, మా వాడు రేపు వస్తున్నాడు, పెద్దలకి ఏం చెప్పాలో రేపే తేలాలి అంది. బతిమాలలేదు. నేను నీ పేరు చెప్పలేదు సుమా అని కూడా అనలేదు. అని ఉంటే కాదనడానికి నాకు వీలుండేది.

శుక్రవారం వరండా నిండా జనం. ఆసుపత్రి చూస్తామన్న పట్నం పెద్దలు వచ్చారు. ధర్మకర్త గారు ఒక్కొక్కరికీ ఒక కమలాపండు చేతిలో పెడుతున్నారు. పెంటపాడు రైతుకి నిజంగానే చూపొచ్చింది. వచ్చిన ఆనందంలో నేర్చుకున్న మాట మర్చిపోయి, ధర్మకర్త గారిని చూసి, మీరెవరండీ అన్నాడు. ఇంకో రోజయితే దాని మీద నెలరోజులు బతికేవాణ్ణి.

మామ్మ మంచం దగ్గర నేను దుప్పటి కింద చెయ్యి పెట్టి పాదం పట్టుకుని ఉన్నాను. కట్టు విప్పారు. కన్ను ఎర్రగా, మబ్బు కమ్మినట్టుంది. డాక్టరు గారు నుదురు ముడిచారు. మూడు వేళ్ళు చూపించారు. నొక్కాను. మూడు బాబూ అంది. రెండు చూపించారు. రెండు అంది. కొంచెం వెనక్కి జరిగి నాలుగు చూపించారు. మూడు నొక్కాను, నాలుగోది సరిగ్గా పడలేదు. ఆవిడ అది నొక్కో కాదో తేల్చుకోలేక, మూడో నాలుగో బాబూ, అంత దూరం సరిగ్గా ఆనడం లేదు అంది. అదే ఆయన్ని నమ్మించింది. మసక ఉంది గాని చూపుంది, చుక్కల మందు వెయ్యండి, నెల తర్వాత తీసుకురండి అని కొడుక్కి చెప్పి, పక్క మంచానికి వెళ్ళిపోయారు. ఇంకా పదిమంది ఉన్నారు ఆయనకి. ధర్మకర్త గారు ఆవిడ చేతిలో కమలాపండు పెట్టారు. కొడుకు కళ్ళు తుడుచుకున్నాడు.

మా సంస్థలో ధర్మకర్త గారు పెట్టిన మంచి పద్ధతొకటి ఉండేది. కట్టు విప్పిన పదో రోజుకి మా మనిషి ఒకడు వాళ్ళ ఊరు వెళ్ళి, మందు వేస్తున్నారో లేదో చూసి రావాలి. ఆ మనిషిని నేనే. అత్తిలి వెళ్ళాను, కామవరపుకోట వెళ్ళాను, ఎక్కడికి వెళ్ళినా చూపొచ్చిన ఇంట్లో పెళ్ళివారికి చేసినంత మర్యాద చేసేవారు. కొల్లేటికి మాత్రం కాళ్ళీడ్చుకుంటూ వెళ్ళాను.

లంక రేవులో మామ్మ కొడుకు ఎదురయ్యాడు. నెమ్మదైన మనిషి. కుశలం అడిగి, మంచినీళ్ళిచ్చి, గొంతు తగ్గించి, “ఏవండీ, తమరు చెప్పండి. అమ్మకి కనపడుతున్నట్టేనాండీ? మొన్న పక్కవాళ్ళ వలకర్రల్లోకి దోనె దూర్చేసింది. కర్రలే జరిగాయంటుంది,” అన్నాడు. కొల్లేట్లో కర్రలకి కాళ్ళొచ్చాయేమోనండీ అన్నాను. మర్యాదకి నవ్వాడు. ఆ రోజు నా నోరు నాకే అసహ్యమేసింది.

మామ్మ గట్టు వారగా దోనెలో కూచుని ఉంది. నా అడుగు విని గుర్తుపట్టింది, చూసి కాదు. కన్ను ఉబ్బి ఉంది. తడిగుడ్డ నొక్కిపెట్టుకుంది. కొడుకు వినకుండా, తల ఆ పక్కంతా పగిలిపోతోందిరా, పొద్దున్నే వాంతులవుతున్నాయి అంది. మరి దోనెలోకి ఎందుకు వెళ్తున్నావంటే, నీళ్ళు నాకు తెలుసు, గెడ దిగిన లోతుని బట్టి ఎక్కడున్నానో చెప్తాను, కర్రలు మాత్రం కొత్తవాళ్ళు ఎక్కడపడితే అక్కడ పాతుతున్నారు అంది. ఎవరికీ చెప్పకు అని రెండుసార్లు అంది. ఊఁ అన్నాను. మాటిచ్చానని ఆవిడ అనుకుంది. ఇవ్వలేదని నేను అనుకున్నాను.

తిరిగి వస్తూ రైల్లో ఒకటే లెక్క వేసుకున్నాను. చెప్తే దోనె పోతుంది. చెప్పకపోతే కన్ను పోతుంది, ఒకవేళ మనిషే నీళ్ళలో పోవచ్చు. గూడెంలో దిగి ఆసుపత్రికి వెళ్ళకుండా మిల్లుకి వెళ్ళాను. ధర్మకర్త గారు కళ్ళంలో ఆరబోసిన వడ్ల మధ్య గొడుగు వేసుకుని నిలబడి ఉన్నారు. చెప్పులు విడిచి, వడ్ల పక్కన నిలబడి, నవ్వించడం నుంచి బొటనవేలు దాకా అంతా చెప్పేశాను.

ఆయన గొడుగు ముడిచారు. “నీ చెయ్యి దుప్పటి కింద ఉండడం నేను చూశాను,” అన్నారు. “ముసలావిడకి కాళ్ళు పడుతున్నావనుకున్నాను. ఇంటికెళ్ళి మా వాళ్ళకి చెప్పాను కూడాను.”

తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది. ఆయన కారు తీయించి అప్పటికప్పుడు ఏలూరు డాక్టరు గారికి కబురు పంపారు. మర్నాడు పొద్దున్నే ముగ్గురం రేవు నుంచి దోనె కట్టించుకుని లంకకి వెళ్ళాం. అంత పెద్దమనిషి పంచె తడుపుకుంటూ దోనెలో కూచుని రావడం చూసి లంకంతా గట్టు మీదికి వచ్చింది. పెద్దలు వచ్చారు. కొడుకు చాప తెచ్చి వేశాడు.

మామ్మ గడప దగ్గర కూచుంది. గుడ్డ ఎక్కడో దాచేసింది. డాక్టరు గారు కన్ను చూడాలంటే, చూపు బాగుంది బాబూ, ఎందుకింత దూరం శ్రమపడ్డారు, బియ్యం కడగమంటాను, భోంచేసి వెళ్ళండి అంది. ఆయన దగ్గరికి వెళ్తే మొహం తిప్పేసుకుంది. అందరి ముందూ పరీక్ష చేశారు కదా, అన్ని వేళ్ళూ చెప్పాను కదా, ఇంకా ఏం కావాలి అంది. గొంతు పెరిగింది. తర్వాత నేనున్న వైపు కాక, కొంచెం పక్కకి తిరిగి, “అదుగో, మీ మనిషే ఉన్నాడుగా. ఆ రోజు నా కాళ్ళ దగ్గరే ఉన్నాడు. అడగండి, నేను చెప్పానో లేదో,” అంది.

గట్టు మీద జనం నావైపు తిరిగారు. ధర్మకర్త గారు నేల చూస్తున్నారు. ఆయనకి తెలుసు, డాక్టరు గారికి తెలుసు, కాని వాళ్ళిద్దరూ ఆ ముక్క ఆవిడ కొడుకు ముందు అనలేదు. నాకే వదిలేశారు. జనం ముందు నోరు విప్పాలంటే ఎగిరి గంతేసేవాణ్ణి, ఆ వేళ ఎవరి మొహమూ చూడకుండా విప్పాను.

“నేను బొటనవేలు నొక్కానండి,” అన్నాను. “ఎన్ని వేళ్ళయితే అన్నిసార్లు.”

మామ్మ రెండు పాదాలూ వెనక్కి లాగి చీరకింద దాచుకుంది. ఎవరో ఇప్పుడే పట్టుకున్నట్టు. కొడుకు వచ్చి పక్కన కూచుని, అమ్మా, వెళ్దాం పద అన్నాడు. ఆవిడ లేచింది. ఎవరి చెయ్యీ పట్టుకోలేదు, మా దోనె దాకా తనే నడిచి వచ్చి ఎక్కింది.

మళ్ళీ అదే వార్డు, అదే మంచం. కంటిలో ఒత్తిడి పెరిగిపోయిందని డాక్టరు గారు రెండోసారి కత్తి పెట్టారు. నొప్పి పోయింది. వాంతులు తగ్గాయి. ఇంకో వారం ఆలస్యమైతే వెలుగు కూడా మిగిలేది కాదన్నారు. వెలుగు మిగిలింది. కిటికీ ఎటుందో తెలుస్తుంది, మనిషి అడ్డొస్తే నీడ తెలుస్తుంది. అంతే. ఆవిడ అక్కడున్న నెలరోజులూ జావ నేనే పట్టాను. ఉప్పు తక్కువైందని కూడా అనలేదు.

లంకలో గెడ కొడుకు చేతికి వెళ్ళిందని మాకు కబురు తెలిసింది. ధర్మకర్త గారు ఒకరోజు మంచం దగ్గర కూచుని, మామ్మా, మీకు కొత్త దోనె చేయించి ఇస్తాను అన్నారు. ఆయనకి తోచిన మంచి అది. ఎక్కడ పెట్టుకోను బాబూ అని అడిగింది. ఆయన మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. నన్ను పనిలోంచి తీసెయ్యమని కాంపౌండరు గారు కాగితం రాసి పెడితే, దాని మీద సంతకం చెయ్యలేదు. నన్నెందుకు ఉంచారో నేనూ అడగలేదు. కొన్నాళ్ళకి నేనే మానేసి మళ్ళీ మిల్లుకి వెళ్ళి బస్తాలు కుట్టుకున్నాను. అక్కడ ఎంత నవ్వినా ఎవరి కన్నూ పోదు. కాని అక్కడికి వెళ్ళాక నాకు అంతగా ఏమీ తోచేది కాదు.

మామ్మ వెళ్ళిపోయే రోజు స్టేషన్ దాకా మూట నేనే మోశాను. కొడుకు టిక్కెట్ల కోసం వెళ్ళాడు. బెంచీ మీద ఆవిడ, పక్కన నేను. క్షమించమని అడగడం నాకు రాదు. ఏదో ఒకటి అనాలని, నేను నోరు మూసుకుని ఉండాల్సింది మామ్మా, నా వల్లే ఇదంతా అన్నాను.

“నవ్వించినందుకు నీ మీద నాకేం లేదురా,” అంది. “నాలుగు రోజులు బల్లలా పడుకున్నదాన్ని, నవ్వొచ్చింది, నవ్వాను. కన్ను నాది, నవ్వూ నాదే. కాని అంతమంది ముందు నిన్ను సాక్ష్యం పిలిచాను చూడు. నా తరఫున ఒకడున్నాడనుకుని పిలిచాను.”

చెప్పకపోతే చచ్చిపోయేదానివి మామ్మా అన్నాను. తెలుసు అంది. కొడుకు వచ్చి, అన్నగారూ, మీరు భోంచేశారాండీ అని అడిగాడు. బండి వచ్చింది. అతను చెయ్యి అందించాడు. ఆవిడ ఒక్క క్షణం ఆగి, చెయ్యి చాచి ఆ చెయ్యి కోసం గాల్లో వెతికి, పట్టుకుని ఎక్కింది.